పట్టుచీర బాకీ

(విజయవాడ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలోని ఒక సంభాషణ)

నిర్వాహకురాలు: గుంటూరు అబ్బాయి ఫోను మధ్యలో తెగిపోయింది, మళ్లీ ప్రయత్నిస్తారేమో చూద్దాం. ఈలోగా సింగ్‌నగర్ నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండి. డాక్టర్ గారికీ నమస్తే. నేను జాకెట్లు కుడతాను. సొంతంగా చిన్న దుకాణం ఉండేది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. అందరం కృష్ణ వైపే చూస్తున్నాం, బ్యారేజీ దగ్గర ఎంత నీరుందా అని. బుడమేరు వాగు వెనక నుంచి వచ్చింది. రెండు కుట్టు మిషన్లు, పీకో మిషను అన్నీ మునిగాయి.

వైద్యురాలు: ఇప్పుడు పని ఎక్కడ?

శ్రోత: వన్‌టౌన్‌లో ఒకరి దగ్గర పీసు లెక్కన కుడుతున్నాను. మిషన్లు బాగు చేయించాను కానీ షట్టరు తీయలేకపోతున్నాను. మా ఆయన, మా అక్క, అందరూ ధైర్యంగా ఉండు, మంచే జరుగుతుందనుకో అంటారు. అనుకుంటూనే ఉన్నాను. చెయ్యి షట్టరు దాకా వెళ్లడం లేదు.

వైద్యురాలు: ఆ మాట మీద నాకూ పెద్ద గౌరవం లేదమ్మా. నొప్పి ఎక్కడో అడగకుండా మాత్ర చేతిలో పెట్టినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో నీళ్లు నిలిచింది మీ సింగ్‌నగర్‌లో, బుడమేరు కట్టకు గండ్లు పడింది కొండపల్లి వైపు. ఇక్కడ ఎన్ని మోటార్లు పెట్టి తోడినా అక్కడ ఆ మూడు గండ్లూ పూడ్చేదాకా నీళ్లు వస్తూనే ఉన్నాయి కదా. మీ గండి ఎక్కడుంది? మళ్లీ వరద వస్తుందన్న భయమా?

శ్రోత: వాన పడితే నిద్ర పట్టదు, అది ఉంది. కానీ... దుకాణంలో మిషన్లే కాదండి, జనం గుడ్డలు ఉన్నాయి. ముప్పై నలభై మందివి. ఒకావిడ తన కూతురి పెళ్లి పట్టుచీర ఫాల్ కుట్టమని ఇచ్చింది. బురదలో నాని పాడైపోయింది. ఆవిడకు ఎదురుపడతానేమోనని పైపుల రోడ్డు మీదుగా వెళ్లడమే మానేశాను. చుట్టూ తిరిగి వెళ్తాను.

వైద్యురాలు: ఆవిడ అడిగారా?

శ్రోత: లేదండి. మొత్తం మీద అడిగింది ఇద్దరే. ఒకరికి కొత్త గుడ్డ కొనిచ్చాను. ఇంకొకావిడ పోనీలే అంది.

వైద్యురాలు: మిగతా వాళ్లు?

శ్రోత: తిట్టుకుంటూ ఉంటారు.

వైద్యురాలు: ఆ చీర ఆవిడ ఇల్లు ఎక్కడ?

శ్రోత: పైపుల రోడ్డు పక్క సందులో. కింది వాటా.

వైద్యురాలు: ఆ ఇంట్లోకి నీళ్లు రాలేదా?

శ్రోత: రాకపోవడమేమిటండి, కిటికీలు మునిగాయి. వాళ్ల బీరువా కూడా...

నిర్వాహకురాలు: లైనులో ఉన్నారా అమ్మా?

శ్రోత: ఉన్నానండి. ఎంతసేపూ ఆ ఒక్క చీరే కళ్లముందు ఉండేది. వాళ్ల బీరువా సంగతి నాకు తట్టనే లేదు.

వైద్యురాలు: మీ బాకీ లేదని నేను అనడం లేదు, ఉంటే ఉండవచ్చు. అసలెంతో తెలియకుండానే ఇన్నాళ్లూ వడ్డీ కడుతున్నారు. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా మానసిక వైద్యుడు దిగులుతో వచ్చేవారిలో ఇదే గమనించారు. జరిగింది ఒకటి, దాని గురించి మనసు చెప్పేది ఇంకొకటి, మనం నమ్మేది ఆ రెండోదాన్ని. మనసుతో వాదన పెట్టుకోకండి, అది మీకంటే బాగా వాదిస్తుంది. పరీక్ష పెట్టండి. కొలతల పుస్తకం మిగిలిందా?

శ్రోత: ఉందండి. ఎండబెట్టి దాచాను. నంబర్లు చాలావరకు కనిపిస్తాయి.

వైద్యురాలు: రోజుకు ఒకరికే ఫోను చేయండి. చేసే ముందు ఆవిడ ఏమంటుందని మీకు అనిపిస్తోందో ఆ పేరు పక్కన రాయండి. మాట్లాడాక, నిజంగా ఏమన్నదో దాని కింద రాయండి.

శ్రోత: నిజంగానే తిడితే?

వైద్యురాలు: ఒకరిద్దరు తిట్టవచ్చు. అదీ రాయండి. ఎంత ఇమ్మంటారో అడగండి, కుట్టుకూలిలో కొంత కొంత తగ్గించి తీర్చండి. షట్టరు సంగతి పది పేర్లు అయ్యాక చూద్దాం. ఇక వాన రాత్రుల గురించి. నీటిమట్టం వార్త పడుకునే ముందు ఒక్కసారి చూసి ఫోను దూరంగా పెట్టండి. మిషన్లను ఎత్తు మీదికి ఎక్కించే ఏర్పాటు చేసుకోండి. మళ్లీ వరద రాదని నేను మాట ఇవ్వలేను, బుడమేరు నా మాట వినదు. నిద్ర ఇలాగే కరువైతే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, మనసు బాధలకు సలహా చెప్పే ఫోను లైను, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి వేళ కూడా తెలుగులో మాట్లాడతారు.

నిర్వాహకురాలు: మొదటి ఫోను ఎవరికి చేస్తారమ్మా?

శ్రోత: పట్టుచీర ఆవిడకు మాత్రం చివర్లో చేస్తానండి. (కాస్త ఆగి) ఒక మాట. రెండు జాకెట్లు బాగానే ఉన్నాయి. చేతికుట్టు కోసం ఆ ముందు రోజు ఇంటికి, మేడ మీదికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి.

వైద్యురాలు: అవి ఉన్నాయని వాళ్లకు తెలుసా?

శ్రోత: తెలియదండి.

వైద్యురాలు: ఆ ఇద్దరితోనే మొదలుపెట్టండి.

శ్రోత: హుక్స్ కుట్టాలండి ఇంకా. ఈ రాత్రికి కుట్టేస్తాను.