మాగిన పండు, మురిగిన సెలవు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్న మిత్రులకు, వాళ్ళతో పాటు ఇన్నేళ్ళూ ఆఫీసు వేళలకు వండి పెట్టిన ఇంటివాళ్ళకు, వెనక వంటల దగ్గర ఉండి ఈ మాటలు సగమే వింటున్న వాళ్ళకు కూడా నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘పదవీ విరమణ తర్వాత ఆనందమయ జీవితం’. ఇందులో ‘తర్వాత’ అన్న మాటతోనే నా పేచీ. ఈ సభలో సన్మానం అందుకునేవాళ్ళ కన్నా, చప్పట్లు కొట్టడానికి వచ్చిన నలభై, యాభై ఏళ్ళవాళ్ళే ఎక్కువ. నా మాటలు ముఖ్యంగా వాళ్ళకే.

ముందు లెక్కలు చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 60 నుంచి 62కు పెంచారు. రిటైరయ్యాక చేద్దామనుకున్న పనులన్నీ ఆ ఒక్క ఉత్తర్వుతో రెండేళ్ళు వెనక్కి పోయాయి. ఇక సెలవులు. ఈఎల్, అంటే ఆర్జిత సెలవులు, జనవరి 1న పదిహేను, జులై 1న పదిహేను జమవుతాయి. 300 దాటితే మురిగిపోతాయి. ఆ 300 రోజులకు చివర్లో డబ్బు వస్తుంది కాబట్టి జనం దాచుకుంటారు. దాచుకోవద్దని నేను అనను. ఒంట్లో బాగోలేనప్పుడు ఆదుకునేవి అవే. కానీ సీఎల్, అంటే క్యాజువల్ లీవు, సంగతేమిటి? ఏడాదికి పదిహేను. వాటికి నగదు రాదు, మరుసటి ఏటికి పోవు, డిసెంబరు 31 రాత్రితో సరి. ఆదివారాలూ పండగ సెలవులూ కలిపి వరసగా పది రోజులు దాటకూడదన్నదే షరతు. పూట సెలవు కూడా పెట్టుకోవచ్చు. ఒక్క పూట! పిల్లవాడు బళ్ళో నాటకం వేసే మధ్యాహ్నానికి అది చాలు. ఆ పూట తీసుకోకుండా ఎవరికి మిగిల్చినట్టు?

‘మురిగిపోవడం’ అన్న మాటను గమనించండి. సెలవుకూ అదే మాట, పండుకూ అదే మాట. చిత్తూరు సీమవాళ్ళకు మురగడమంటే ఏమిటో, మాగడమంటే ఏమిటో వేరే చెప్పాలా? పైగా ఇది జూన్ నెల, మామిడిపండ్ల కాలం.

ఇంటికి రెండు డజన్ల బేనీషా, అదే బంగినపల్లి, మామిడికాయలు వచ్చాయనుకోండి. తొడిమ మొత్తం పీకేయకుండా వేలి మందంలో సగమైనా ఉంచి కోసిన కాయలు కావాలి. తొడిమ ఊడితే సొన కారి, అది పడినచోట తొక్క కాలినట్టు నల్లబడుతుంది, అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. తొడిమ ఉన్నా, ఇంటికి తెచ్చాక కాయల్ని తొడిమ కిందికి ఉండేలా గోనెపట్టా మీద రెండు మూడు గంటలు ఉంచండి. తర్వాత కడిగి, తడి లేకుండా ఆరనివ్వాలి. గాలి ఆడే గదిలో వరిగడ్డి పరిచి ఒకే వరస పేర్చి, పైన పలచగా గడ్డి కప్పాలి. ఒకదాని మీద ఒకటి గుట్టగా పోస్తే అడుగు కాయలు వేడికి ఉడికిపోతాయి. ఐదు రోజుల నుంచి వారంలోపు మాగుతాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టే వాళ్ళున్నారు. 13 డిగ్రీల కన్నా తక్కువ చలి తగిలితే తొక్క కమిలిపోతుంది, తర్వాత బయట పెట్టినా సరిగా మాగదు. ఫ్రిజ్ మాగిన పండుకే, అదీ మూడు నాలుగు రోజులకే.

తొందరపడినా తప్పే. కార్బైడ్ పెట్టిన కాయకు తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపు పులుపుగానే ఉంటుంది. పైగా ఒంటికి హాని. అందుకే 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దాన్ని నిషేధించారు. సంతోషాన్ని ముందుకు లాగమని నేను అడగడం లేదు. మాగినరోజు తినమంటున్నాను, అంతే.

ఇప్పుడు అసలు విషయం. అయిదోరోజు చూస్తే నాలుగు పండ్లు మాగాయి. రెండింటికి తొడిమ దగ్గర మచ్చ. మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? “మచ్చవి ముందు కానిచ్చేద్దాం, మంచివి రేపటికి ఉంచుదాం” అంటాం. మచ్చ చెక్కేసి, మిగిలిన ముక్క తింటాం. మరునాటికి నిన్నటి మంచి పండ్లకు మచ్చ పడుతుంది. మాగిన పండు నుంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పక్క కాయల్ని కూడా తొందరగా మాగిస్తుంది. కాబట్టి ఆరోరోజుకు నాలుగు పండ్లు కాదు, పది సిద్ధమవుతాయి. మళ్ళీ మచ్చవే ముందు, మంచివి రేపటికి. ఇరవై నాలుగు పండ్లూ అయిపోతాయి, అందులో ఒక్కటీ బాగున్న రోజున నోటికి రాదు. ఇంటి ఇల్లాలికైతే టెంకే మిగులుతుంది. అమ్మా, ఇక్కడున్న తల్లులందరినీ అడుగుతున్నాను, నిజమా కాదా? చేతులెత్తండి.

పొదుపు తప్పని నేను అనడం లేదు. మచ్చ పండును పారేయమనీ అనను. చెక్కి, గుజ్జు తీసి, కాస్త చక్కెరేసి దగ్గరగా ఉడికించి సీసాలో పెట్టండి. తోతాపురి కాయల్ని ఫ్యాక్టరీలకు తోలి గుజ్జు చేయించే సీమ మనది, ఆ విద్య మనకు కొత్త కాదు. కానీ ముందు పళ్ళెంలోకి రావలసింది మంచి పండు. దాచుకోగలిగినది ఏది, ఆ రోజుకే చెల్లేది ఏది అని విడదీసుకోవడమే నేను చెప్పదలచింది.

ఆ రోజుకే చెల్లేవి మన ఊళ్ళో ఎన్ని లేవు! తిరుపతి గంగమ్మ జాతర పోయిన నెలలోనే గడిచింది. అందులో రోజుకో వేషం. మొదట బైరాగి వేషం, మరునాడు బండ వేషం, ఆ తర్వాత తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. ఏ వేషం రోజు దానిదే. పిల్లవాడు దొర వేషం వేస్తానని అడిగిన ఏడు మనం పరీక్షలంటాం. మనం సరేననేటప్పటికి వాడికి మీసాలొస్తాయి.

తిరుమల కొండకు నడిచి ఎక్కే అలిపిరి దారి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2,388. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. తర్వాత చాలాదూరం చదును, చివర్లో మళ్ళీ మోకాళ్ళ పర్వతం. రిటైరయ్యాక ఎక్కుదామని మొక్కు పెట్టుకున్నవాళ్ళు మోకాళ్ళను కూడా అడగాలి. రోజూ అరగంట నడక, వారంలో రెండు రోజులు ఇంటి మిద్దె మెట్లు పదిసార్లు. ఆరు వారాలు చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోండి. నొప్పి దిగేటప్పుడే ఎక్కువ, కాబట్టి ఎక్కి, బస్సులో దిగండి.

కాగితంలో బీరువాలోని పట్టుచీర గురించి కూడా రాసుకున్నాను, వేళయింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కట్టకుండా ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే చీర మడత దగ్గరే చీలుతుంది. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. అంతకన్నా మంచిది కట్టుకోవడం. ఈ పూట సభకు కట్టుకొచ్చిన వాళ్ళు చేసింది అదే.

ఇంకొక్క మాట, తిరుపతిలో చెప్పకుండా ఉండలేను. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి, కొండ మీద గదిలో భద్రపరిచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి. సాహిత్యం చెడలేదు, ప్రతి కీర్తన మీదా రాగం పేరుంది. వరస మాత్రం లేదు. పాట రేకులో భద్రంగా ఉన్నా, దాని వరస గొంతుల్లోనే ఉంటుంది. శతాబ్దాలపాటు పాడక ఆ అసలు వరసలు పోయాయి. ఇవాళ మనం వింటున్నవి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కొత్తగా కట్టినవి. మీ ఇంట్లో అమ్మమ్మకు ఒక లాలిపాట వస్తే, మాటలు పుస్తకంలో ఎక్కించుకుని ఊరుకోకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని పాడించుకోండి, వెంట పాడండి.

సన్మానం జరుగుతున్న మిత్రులారా, మీకు శాలువాలు కప్పుతారు. వాటిని కూడా బీరువాలో పెట్టకండి, డిసెంబరులో తెల్లవారుజామున నడకకు కప్పుకుని వెళ్ళండి. మిగిలినవాళ్ళు రేపు ఆఫీసులో మీ సీఎల్ ఖాతా చూసుకోండి. బేనీషా ఇంకొన్ని రోజులే, ఆ తర్వాత నీలం రకం మామిడిపండ్లు. వెనక నుంచి చెయ్యి ఊపుతున్నారు, భోజనానికి పండ్లు కోసి పళ్ళేల్లో పెట్టేశారట. కోసిన ముక్క ఎక్కువసేపు ఆగదు. పదండి.