ఐపీఎస్ మానిటర్‌తో కాపురం: స్పెక్ షీట్‌లో రాయని సంగతులు

హాయ్ అందరికీ. నా వెనకాల కనిపిస్తున్నది 27 అంగుళాల మానిటర్, 2560 బై 1440 పిక్సెల్స్, ఐపీఎస్ (ఎల్‌సీడీల్లో ఒక రకం) ప్యానెల్, 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మారుతుంది. కొన్ని నెలలుగా రోజంతా దీని ముందే ఉంటున్నాను. ఎడిటింగ్ దీని మీదే, రాతపని దీని మీదే, రాత్రి కాసేపు గేమ్ ఆడినా దీని మీదే.

బ్రాండ్ పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే మానిటర్ల మీద కనిపించే పేర్లు బోలెడు, లోపలి ప్యానెల్ తయారుచేసేవాళ్లు మాత్రం ఎల్‌జీ డిస్‌ప్లే, ఏయూఓ, బీఓఈ, ఇన్నోలక్స్, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం ప్యానెల్ సంగతులు, పైన ఏ స్టిక్కర్ ఉన్నా మీకూ ఇవే ఎదురవుతాయి. పైగా ఒకే మోడల్‌వి రెండు పీసులు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉండవు. నా పీసు బాగుందని చెప్తే మీకు ఒరిగేదేమీ లేదు, మీ ఇంటికి వచ్చేది వేరే పీసు కదా.

ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నది ఒకటే. స్క్రీన్ మీద ఏదో తేడాగా కనిపించగానే టెన్షన్ పడి రిటర్న్ బటన్ నొక్కకండి, అలాగని "అలవాటైపోతుందిలే" అని వదిలెయ్యకండి కూడా. ఆ తేడా ప్యానెల్ స్వభావమా, సెట్టింగ్ వల్ల వచ్చిందా, లేక మీకొచ్చిన పీసులోనే లోపమా, అది తేల్చుకోండి. స్వభావమైతే పది పీసులు మార్చి తెప్పించినా అదే వస్తుంది. సెట్టింగ్ అయితే రెండు నిమిషాల పని. లోపమైతే రిటర్న్ గడువు దాటకముందే పట్టుకోవాలి.

అందరూ మొదట భయపడే దానితోనే మొదలుపెడదాం. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, నల్లటి బొమ్మ ఒకటి ఫుల్ స్క్రీన్ పెట్టండి. ఇదిగో, కింద కుడి మూల చూడండి, కొంచెం పసుపు కలిసిన తెల్లటి వెలుగు. ఎడమ మూలలోనూ ఉంది, కాకపోతే అది కాస్త నీలంగా ఉంది. ఇప్పుడు నేను కెమెరాని అలాగే పట్టుకుని వెనక్కి జరుగుతాను, మూల మీదే కన్నుంచండి. తగ్గుతోంది, తగ్గుతోంది, చూశారా, దాదాపు పోయింది. పక్కకి జరిగితే ఆ వెలుగు ఇంకో మూలకి పోతోంది. కదిలేకొద్దీ మారితే అది ఐపీఎస్ గ్లో. మీరు ఎటు కదిలినా కదలకుండా అంచుని పట్టుకుని ఒకేచోట ఉండేది బ్యాక్‌లైట్ బ్లీడ్. ఈ రెండింటినీ కలిపేసి తిట్టేవాళ్లే ఎక్కువ, కానీ ఇవి పూర్తిగా వేరు. గ్లో ప్యానెల్ స్వభావం. బ్లీడ్ అంటే ప్యానెల్‌ని ఫ్రేమ్‌లో బిగించిన తీరు సరిగ్గా లేక అంచుల్లోంచి వెలుగు కారడం, అంటే మీ పీసు సమస్య.

గ్లో ఎందుకొస్తుందంటే, ఎల్‌సీడీలో నలుపు అంటే లైటు ఆరిపోవడం కాదు. వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, ముందూ వెనకా రెండు పోలరైజర్లు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగుని మాత్రమే పోనిచ్చే పొరలు, ఒకదానికొకటి అడ్డంగా ఉండి ఆ వెలుగుని ఆపుతాయి. ఎదురుగా చూస్తే ఆ అడ్డు గట్టిగా ఉంటుంది. ఐమూలగా, వాలుగా చూసేసరికి ఆ రెండింటి మధ్య కోణం మన కంటికి 90 డిగ్రీలు కాకుండా పోతుంది, సందులోంచి వెలుగు బయటికొస్తుంది. 27 అంగుళాల స్క్రీన్‌కి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే మూలని మనం దాదాపు 30 డిగ్రీల వాలుతో చూస్తున్నట్టు లెక్క. 80 సెంటీమీటర్లకి జరిగితే అది 23కి తగ్గుతుంది. అందుకే కుర్చీ ఒక జానెడు వెనక్కి లాగడం గ్లోకి ఉన్న మందుల్లో బాగా పనిచేసేది. రెండోది స్క్రీన్ వెనక గోడ మీద పడేలా చిన్న లైటు పెట్టుకోవడం. బ్రైట్‌నెస్ తగ్గిస్తే గ్లో కూడా కొంత తగ్గుతుంది, అంతకుమించి సెట్టింగుల్లో వెతికినా దొరికేదేమీ లేదు.

ఇంకో మాట. ఫోన్‌తో తీసిన ఫొటోలు చూసి నిర్ణయానికి రాకండి. చీకట్లో ఫోన్ తనంతట తానే ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ఉన్న పిసరంత వెలుగు మంటలా కనిపిస్తుంది. ఇప్పుడు మీకు చూపించిన క్లిప్‌లో ఎక్స్‌పోజర్ లాక్ చేశాను, లేకపోతే నా మానిటర్ కూడా కాలిపోతున్నట్టే కనిపించేది.

నలుపు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, ఐపీఎస్ కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుగు నలుపు వెలుగుకి ఎన్ని రెట్లో ఆ లెక్క, మామూలుగా 1000:1 దగ్గర ఉంటుంది, వీఏ అనే ఇంకో రకం ఎల్‌సీడీ ప్యానెల్స్‌ది 3000:1 దగ్గర. తెలుపు 120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలిచే యూనిట్) పెట్టుకుంటే ఐపీఎస్‌లో నలుపు 0.12 నిట్స్, వీఏలో 0.04. వినడానికి చిన్న అంకెలే, కానీ చీకటి గదిలో సినిమా చూస్తే పైనా కిందా ఉండే నల్ల పట్టీలు ఐపీఎస్‌లో బూడిద రంగులో కనిపిస్తాయి. మరి వీఏ కొనుక్కోవచ్చు కదా అంటారు. వీఏకి దాని గోల దానికుంది. ముదురు రంగుల మధ్య మారాలంటే దానికి టైమ్ పడుతుంది, డార్క్ మోడ్‌లో ఒక పేజీ స్క్రోల్ చేసి చూడండి, అక్షరాల వెనక ఊదా రంగు మరక సాగుతూ వస్తుంది. పొద్దస్తమానం డార్క్ మోడ్‌లో చదివే నాలాంటివాడికి ఆ మరక కన్నా మూలల్లో గ్లోనే నయం. నా పని సినిమాలే అయితే తీర్పు తిరగబడేది.

సరే, ఇప్పుడు చుక్కలు. ఈ స్క్రీన్‌లో పిక్సెల్స్ 36 లక్షల 86 వేల పైచిలుకు, ఒక్కోదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సబ్‌పిక్సెల్స్ మూడు, మొత్తం కోటీ పది లక్షలు దాటుతాయి. ఒక్కోదానికి ఒక ట్రాన్సిస్టర్. వీటిలో ఒకటో రెండో మొరాయించడం వింతేమీ కాదు, ప్రమాణాలు కూడా దాన్ని ఒప్పుకున్నాయి. 2001లో వచ్చిన ఫ్లాట్ స్క్రీన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13406-2 ప్రకారం క్లాస్ 2 ప్యానెల్ అంటే ప్రతి పది లక్షల పిక్సెల్స్‌కి ఎప్పుడూ వెలిగే ఉండేవి రెండు, ఎప్పుడూ ఆరిపోయి ఉండేవి రెండు, సబ్‌పిక్సెల్ లోపాలు అయిదు వరకు ఉండొచ్చు. తర్వాత దాని స్థానంలో ఐఎస్ఓ 9241 సిరీస్ వచ్చింది, ఆ క్లాసుల పద్ధతి మాత్రం పోలేదు. అందుకే "ఒక్క చుక్క ఉంది, మార్చండి" అని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, మా పాలసీలో ఇన్ని వరకు లోపం కిందికి రాదని చెప్తారు. కొనేముందే ఆ పాలసీ పేజీ చదువుకోండి, "జీరో బ్రైట్ డాట్" (ఎప్పుడూ వెలిగే చుక్క ఒక్కటి ఉన్నా మారుస్తాం) అని రాసి ఉంటే అది నిజంగా విలువైన మాట.

నాకొచ్చిన పీసులో తెల్లటి పేజీ మీద, పై అంచుకి దగ్గర్లో ఒక ముదురు చుక్క కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తున్నాను, మీరూ చూడండి, క్లోజప్ పెడుతున్నాను. పిక్సెల్ చచ్చిపోతే అంచులు కోసినట్టు చతురస్రంగా ఉండాలి, చుట్టూ ఉన్న గ్రిడ్‌లో సరిగ్గా ఒక గడిని నింపాలి. దీని అంచులు చూడండి, మసకగా, గుండ్రంగా ఉన్నాయి. తల పక్కకి తిప్పితే కింది పిక్సెల్స్ మీద కొంచెం జరుగుతోంది కూడా. అంటే ఇది పిక్సెల్ కాదు, పొరల మధ్య ఇరుక్కున్న దుమ్ము. ఈ రెంటికీ తేడా తెలియకపోతే రంగులు గబగబా మార్చే వీడియోలు రాత్రంతా ఆడించి ఉపయోగం లేదు. ఆ వీడియోలు అప్పుడప్పుడూ పనిచేసేది ఎరుపో ఆకుపచ్చో ఒకే రంగులో ఇరుక్కుపోయిన సబ్‌పిక్సెల్ మీద, అదీ గ్యారంటీ లేదు. వేలితో నొక్కి సరిచేయమని చెప్పే వీడియోలున్నాయి చూడండి, వాటి జోలికి మాత్రం పోకండి, ఉన్న చుక్క పోకపోగా కొత్త మరక పడుతుంది.

సెట్టింగులకొద్దాం. మానిటర్ పెట్టెలోంచి తీసినప్పుడు బ్రైట్‌నెస్ షోరూమ్ కోసం పెట్టినట్టే ఉంటుంది. మామూలు గదికి 100 నుంచి 120 నిట్స్ చాలు, నా మానిటర్‌లో అది స్లైడర్ మీద పావు వంతు కన్నా కొంచెం పైన. కళ్లు మండుతున్నాయి, ప్యానెల్ మంచిది కాదు అనేవాళ్లలో చాలామంది సమస్య ఈ ఒక్క స్లైడర్‌తో తీరిపోతుంది. రంగులు కూడా అంతే. ఈ ప్యానెల్ ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణం కన్నా ఎక్కువ రంగులు చూపించగలదు, అది బాక్స్ మీద గొప్పగా రాస్తారు. కానీ వెబ్‌లో ఉండేవన్నీ దాదాపుగా ఎస్‌ఆర్‌జీబీ కోసం తయారైనవే కాబట్టి, అదుపు లేకపోతే మనుషుల మొహాలు ఎర్రగా కందిపోయినట్టు కనిపిస్తాయి. మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది, అది పెట్టండి. ఇందులో మాత్రం ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ స్లైడర్ లాక్ అయిపోతుంది! ఎవరు ఆలోచించారో కానీ, రంగులు సరిగ్గా కావాలంటే వెలుగు మీద హక్కు వదులుకోవాలట. కొనేముందు ఈ ఒక్క విషయం ఏదైనా రివ్యూలో వెతకండి.

హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే అంతా బూడిద పూసినట్టు వెలిసిపోయి కనిపిస్తే ప్యానెల్‌ని అనుమానించకండి. చాలాసార్లు జరిగేది ఏంటంటే, గ్రాఫిక్స్ కార్డు ఎదురుగా ఉన్నది టీవీ అనుకుని నలుపు నుంచి తెలుపు దాకా 16 నుంచి 235 వరకే విలువలు పంపుతుంది, మానిటరేమో 0 నుంచి 255 వరకు వస్తాయని ఎదురుచూస్తుంది. డ్రైవర్ సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్‌ని లిమిటెడ్ నుంచి ఫుల్‌కి మార్చండి, నలుపు నలుపులా తిరిగొస్తుంది.

ఇక పిక్సెల్ రంగు మారే టైమ్ 1 ఎంఎస్ (మిల్లీసెకను) అని బాక్స్ మీద కొట్టొచ్చినట్టు వేస్తారే, దాని కథ చూడండి. ఓవర్‌డ్రైవ్‌ని, అంటే పిక్సెల్స్‌ని త్వరగా మార్చే సెట్టింగ్‌ని, చిట్టచివరి మెట్టుకి పెడుతున్నాను. ఇప్పుడు బూడిద రంగు మీద మౌస్ పాయింటర్‌ని అటూ ఇటూ లాగుతాను. వెనకాల ఒక తెల్లటి నీడ వస్తోంది, కనిపిస్తోందా? పిక్సెల్‌ని త్వరగా మార్చడానికి వోల్టేజ్ అతిగా ఇస్తే అది చేరాల్సిన రంగుని దాటిపోయి మళ్లీ వెనక్కొస్తుంది, ఆ దాటిపోయిన క్షణమే ఈ నీడ. బాక్స్ మీది అంకె ఈ మోడ్‌లోది, ఈ మోడ్‌ని ఎవరూ వాడలేరు. 144 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్‌కి ఉండే టైమ్ 6.9 మిల్లీసెకన్లు, ఆలోపు పిక్సెల్ మారితే చాలు. మధ్య మెట్టు మీద పెట్టుకుని మర్చిపోండి.

హెచ్‌డీఆర్, అంటే వెలుగుకీ చీకటికీ మధ్య తేడాని ఇంకా ఎక్కువగా చూపించే పద్ధతి, దాని గురించి ఎక్కువ చెప్పను. డిస్‌ప్లేలకు ప్రమాణాలు పెట్టే వేసా సంస్థ 2017 చివర్లో తెచ్చిన డిస్‌ప్లేహెచ్‌డీఆర్ ప్రమాణాల్లో 400 అన్నది ఎల్‌సీడీలకు అన్నిటికన్నా కింది మెట్టు. ఈ మానిటర్‌కి ఉన్నది ఆ స్టిక్కరే. లోకల్ డిమ్మింగ్ లేదు, అంటే స్క్రీన్‌లో ఒక మూల దీపం వెలగాలంటే మొత్తం బ్యాక్‌లైట్ పెరగాలి, నలుపూ దాంతోపాటే తేలిపోతుంది. ఆఫ్ చేసి పెట్టాను.

అక్షరాల సంగతి మాత్రం కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే రోజంతా మనం చూసేది వాటినే. ఈ సైజుకి ఈ రిజల్యూషన్ అంటే అంగుళానికి దాదాపు 109 పిక్సెల్స్. అదే 27 అంగుళాలలో 1080పీ తీసుకుంటే 82కి పడిపోతుంది, "క్ష్మ" లాంటి ఒత్తక్షరంలో కింది భాగం ముద్దగా అతుక్కుపోతుంది. తెలుగు చదివేవాళ్లకి ఇంగ్లిష్ చదివేవాళ్లకన్నా పిక్సెల్స్ ఎక్కువ కావాలని నేను గట్టిగా నమ్ముతాను, మన గుడులూ వట్రసుడులూ చిన్న సైజులో బతకాలి కదా. విండోస్‌లో సబ్‌పిక్సెల్స్‌ని వాడి అక్షరాల అంచుల్ని నునుపు చేసే క్లియర్‌టైప్ ఉంది, దాని ట్యూనర్ ఒకసారి నడపండి, తేడా కంటికి తెలుస్తుంది. మ్యాక్ వాడేవాళ్లకి ఆ సదుపాయం లేదు, 2018లో వచ్చిన మొహావే వెర్షన్ నుంచి సబ్‌పిక్సెల్ స్మూతింగ్‌ని పక్కనపెట్టేశారు, కాబట్టి ఇదే మానిటర్ మీద వాళ్లకి అక్షరాలు కాస్త పలచగా, మెత్తగా కనిపిస్తాయి. మ్యాక్‌కి అయితే 27 అంగుళాలలో 4కే తీసుకోండి, నా మాట వినండి.

చిన్నచిన్న చిరాకులు కూడా చెప్పేస్తాను. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద ఉన్నప్పుడు మానిటర్ నిద్రలోకి వెళ్తే కంప్యూటర్ దాన్ని పీకేశారనుకుంటుంది, లేచేసరికి విండోలన్నీ రెండో స్క్రీన్‌లోకి పోయి కుప్పపడతాయి. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగుల్లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల చోటు గుర్తుపెట్టుకోమనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేశాక నాకు చాలావరకు తగ్గింది. పైన ఉన్న మ్యాట్ కోటింగ్ వల్ల తెల్లటి పేజీలో సన్నటి ఇసుక చల్లినట్టు మెరుపు ఉంటుంది, కిటికీ వెలుగు అద్దంలా కొట్టకుండా ఉండాలంటే అది భరించాలి. తుడిచేటప్పుడు మైక్రోఫైబర్ గుడ్డ, అవసరమైతే కాస్త నీళ్లు గుడ్డ మీద, స్క్రీన్ మీద కాదు. నేరుగా కొడితే నీళ్లు కింది అంచులోకి జారి ప్యానెల్ లోపలికి పోతాయి. కిటికీ అద్దాలు తుడిచే అమోనియా లిక్విడ్ అసలొద్దు, కోటింగ్ లేచిపోతుంది.

ఇంతకీ దీన్ని ఉంచుకుంటున్నానా? ఉంచుకుంటున్నాను. దుమ్ము చుక్క గురించి గడువులోపే ఫిర్యాదు పెట్టాను, మార్చి ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. అది మెనూ బార్ ఉండే చోట పడింది, ఈ పీసులో బ్లీడ్ లేదు, ఇంకోటి తెప్పిస్తే అందులో ఏముంటుందో ఎవరికి తెలుసు. మీకు ఆ చుక్క సరిగ్గా మధ్యలో పడితే మాత్రం మొహమాటపడకుండా మార్పించుకోండి. నేను వాడిన నలుపు, తెలుపు, బూడిద టెస్ట్ బొమ్మలు డిస్క్రిప్షన్‌లో పెట్టాను, కొత్త మానిటర్ వచ్చిన రోజే, పెట్టె పారేయకముందే వేసి చూసుకోండి.