ఆపకూడనివి ఆపుతున్నాం
(మండల ఉపాధ్యాయుల సమావేశంలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, టీచర్లందరికీ నమస్కారం.

"మనసు కుదురుగా ఉండట్లేదు డాక్టరుగారూ, ఏదైనా ధ్యానం చెప్పండి" అని మీలో చాలామంది అడుగుతుంటారు. చెబుతాను. ముందు నేనొకటి అడగాలి. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగారు? బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్లారు? టిఫిను కూర్చుని తిన్నారా, బస్సు వెళ్లిపోతుందని నిలబడే రెండు ముద్దలు మింగి వచ్చారా?

ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం ఏడో అధ్యాయంలో, ఆపకూడని వేగాలు, అంటే లోపలి నుంచి తోసుకొచ్చేవి, 13 చెప్పారు. మూత్రం, మలం, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీరు, నిద్ర అందులోవే. ఆపుకోవాల్సినవి కూడా అదే అధ్యాయంలో ఉన్నాయి: లోభం, శోకం, భయం, కోపం, అహంకారం, ఈర్ష్య. నేను చదివింది ఇంగ్లీషు వైద్యమే. అయినా ఈ రెండింటినీ ఒకేచోట చెప్పిన ఆ పెద్దలకు దండం పెడతాను. మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. మూత్రం వస్తే బిగబడతాం, ఆకలేస్తే టీతో సరిపెడతాం, నిద్రొస్తే ఫోన్ తీస్తాం. భయానికీ కోపానికీ మాత్రం ఏ అడ్డూ పెట్టం.

గమనించారా, శోకాన్ని అదుపులో పెట్టమన్నవాళ్లే కన్నీటిని ఆపవద్దన్నారు. ఏడుపొస్తే ఏడ్చేయండి. ఏడ్చాక అదే సంగతిని రాత్రంతా తిరగేసుకోకండి. నాకు అర్థమైంది ఇదీ.

మూత్రాశయంలో 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరేసరికి మెదడుకి మొదటి కబురు వెళుతుంది. 400, 500 దాకా అది ఓర్చుకుంటుంది. బడిలో మరుగుదొడ్డికి గొళ్లెం ఉండదు, కుళాయిలో నీళ్లు రావు. అందుకని మన ఆడ టీచర్లు ఏం చేస్తారు? నీళ్లే తాగరు. ఒకావిడ సాయంత్రం బడి నుంచి తిన్నగా నా దగ్గరకు వచ్చారు. మూత్రంలో మంట, చలిజ్వరం. బ్యాగులో నీళ్ల సీసా పొద్దున నింపింది నింపినట్టే ఉంది. "నాకు టెన్షన్ ఎక్కువండీ, మధ్యాహ్నానికే తల పగిలిపోతుంది, పిల్లల మీద అరుస్తాను" అన్నారు. ఇన్‌ఫెక్షన్‌కి మందులిచ్చాను. ఆ తలనొప్పికి మాత్రం మొదటి మందు ఆ సీసాలోనే ఉందని చెప్పాను.

దాహం, ఆకలి, నిద్రలేమి మనసుని ఊరికే వదలవు. లోపలి అవయవాల నుంచి మెదడుకి కబుర్లు మోసే నరాల్లో పెద్దది వేగస్. అందులో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకి వార్త పంపేవే. అంటే శరీరం రోజంతా మనతో మాట్లాడుతూనే ఉంటుంది. వినకపోతే ఆ అసౌకర్యం ఎక్కడిదో తెలియదు, మనసు దానికో కారణం వెతుక్కుంటుంది. రక్తంలో చక్కెర బాగా తగ్గితే అడ్రినలిన్ అనే హార్మోను పెరిగి గుండె దడ, చేతుల వణుకు వస్తాయి. భయపడినా అవే వస్తాయి. అన్నం తినాల్సిన సమయానికి మనం ఇన్‌స్పెక్షన్ గురించి కంగారు పడుతూ కూర్చుంటాం!

ఇప్పుడు ధ్యానం. ఇంటర్వెల్‌లో చేసుకోవచ్చు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆన్చి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. ఇలా చేస్తే ఆరుకి దిగుతుంది. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఆలోచనలు వస్తాయి. వాటితో పోట్లాడకండి, మళ్లీ లెక్కలోకి రండి.

అలా రెండు నిమిషాలయ్యాక కింది నుంచి పైకి ఒక్కో చోటా పలకరించండి. పాదాలు లాగుతున్నాయా? మూత్రం నిండిందా? కడుపు ఖాళీనా? సుద్దపొడికి గొంతు ఎండిందా? దవడ దగ్గర కాసేపు ఆగండి. పైపళ్లు, కిందిపళ్లు ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి. వదిలేయండి. భుజాలు వాటంతటవే దిగుతాయి. ఇక్కడితో లేచిపోతే సగం పనే అయినట్టు. దాహమని తెలిస్తే అప్పుడే నీళ్లు తాగాలి, మూత్రమని తెలిస్తే అప్పుడే వెళ్లాలి. ఈ రెండో సగం లేని ధ్యానం మీద నాకు నమ్మకం లేదు.

సాయంత్రం టీ, కాఫీల సంగతి ఒక్క మాటలో. కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్ర పట్టడం లేదనేవాళ్లు ముందు అది మానండి.

ఛాతీలో నొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి రండి. వారాల తరబడి దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా హెడ్మాస్టర్లకు. 2019లో కేరళ బడుల్లో పిల్లలు నీళ్లు తాగడానికి గంట కొట్టడం మొదలైంది, తర్వాత మన దగ్గరకూ వచ్చింది. ఆ గంట మోగినప్పుడు టీచర్లూ తాగాలి, వెళ్లాల్సినవాళ్లు వెళ్లి రావాలి. ఆ ఐదు నిమిషాలు పక్క క్లాసు చూసే బాధ్యత ఎవరిదో స్టాఫ్‌రూమ్ బోర్డు మీద రాసి పెట్టండి. రేపు బడికి వెళ్లగానే ఆడవాళ్ల మరుగుదొడ్డికి గొళ్లెం పడుతుందో లేదో, కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయో లేదో మీరే చూసి, సోమవారం లోపు బాగు చేయించండి.