చట్టం వద్దన్న సంఘాలు

శ్రోతలకు నమస్కారం.

కనీస వేతనం కోసం కార్మిక సంఘాలు ఊరేగింపు తీస్తే మనకేమీ వింత కాదు. మేడే నాడు ఏటా వినే నినాదమే అది. కానీ కనీస వేతనాలపై చట్టం తెస్తామని ఐరోపా యూనియన్ పాలకులే ముందుకొస్తే, మాకొద్దని సంఘాలే అడ్డం తిరిగిన దేశాలు రెండున్నాయి. స్వీడన్, డెన్మార్క్. అవేమైనా యాజమాన్యాల చెప్పుచేతల్లో ఉండే సంఘాలా అంటే, కాదు. లోకంలో గట్టి సంఘాలని పేరుపడ్డవి. మరి ఎందుకు వద్దన్నట్టు?

జవాబు కోసం ఐరోపా యూనియన్ కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌కు వెళ్లే ముందు, ఒక బడి గేటు దగ్గర కాసేపు ఆగుదాం.

స్టాక్‌హోమ్‌కు చేరువలో, దీవుల నడుమ వాక్స్‌హోమ్ అనే చిన్న పట్టణం ఉంది. 2004లో అక్కడి బడి భవనం పని లావల్ అనే లాత్వియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే లాత్వియా ఐరోపా యూనియన్‌లో చేరింది. కంపెనీ తన మనుషులనే సముద్రం దాటించి తెచ్చుకుంది. స్వీడన్ నిర్మాణ కార్మికుల సంఘం వెళ్లి, మాతో ఒప్పందం రాసుకోండి, గంటకు 145 క్రోనర్లు ఇవ్వండి అని అడిగింది. మాకు లాత్వియాలోనే ఒప్పందం ఉంది, మీతో పనేమిటి అన్నది కంపెనీ. నవంబరులో సంఘం వాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. సామాను లోపలికి పోదు, పనివాళ్లు పోరు. ఆ తర్వాత కరెంటు పనివాళ్ల సంఘమూ సంఘీభావంగా పని ఆపింది. గోడలు లేచినా తీగ లాగే మనిషి లేడు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లిన లాత్వియా కూలీలు తిరిగి రాలేదు. 2005 మార్చిలో కంపెనీ స్వీడన్ శాఖ దివాలా తీసింది.

ఇక్కడ దుర్మార్గుణ్ణి వెతకడం కష్టం. స్వీడన్ మేస్త్రీ తన కూలి పడిపోకూడదనుకున్నాడు. లాత్వియా మేస్త్రీ సొంతూళ్లో దొరకని కూలి ఇక్కడ దొరుకుతుందని వచ్చాడు. ఇద్దరి మధ్య బడి గేటు ఉంది.

తగాదా లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానానికి చేరింది. 2007 డిసెంబరు 18న తీర్పు సంఘానికి వ్యతిరేకంగా వచ్చింది. న్యాయమూర్తుల తర్కం వినండి. పరాయి దేశపు కంపెనీ వచ్చి పనిచేస్తే, అక్కడి చట్టం ఖరారు చేసిన కనీస వేతనం ఇవ్వాల్సిందే. కానీ స్వీడన్‌లో అలాంటి చట్టమే లేదు. కూలి ఎంతో ఎక్కడికక్కడ బేరమాడి తేల్చుకుంటారు. ముందుగా తెలియని ఆ అంకె కోసం దిగ్బంధం చేయడం, దేశాలు దాటి సేవలందించే స్వేచ్ఛకు అడ్డు తగలడమే అన్నారు. సమ్మె హక్కు ప్రాథమిక హక్కేనని అదే తీర్పులో ఒప్పుకుంటూనే ఈ మాట అన్నారు! 2009లో స్వీడన్ కార్మిక న్యాయస్థానం సంఘాల చేత పరిహారం కూడా కట్టించింది.

దీన్నిబట్టి ఎవరికైనా ఏమనిపిస్తుంది? చట్టం ఉండి ఉంటే గెలిచేవాళ్లు కదా, ఇకనైనా చట్టం అడగాలి కదా అని. ఈ కేసు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. సంఘాలు మాత్రం సరిగ్గా తిరగేసి అర్థం చేసుకున్నాయి. మా కూలి సంగతిలో వేలు పెట్టింది లక్సెంబర్గ్ కోర్టు. రేపు వేతనం ఐరోపా చట్టంలోకి ఎక్కితే, దానికి అర్థం చెప్పేదీ ఆ కోర్టే కదా అన్నాయి.

ఆ భయానికి పాత వేళ్లున్నాయి. డెన్మార్క్‌లో సంఘాలూ యాజమాన్యాలూ 1899లోనే పెద్ద లాకౌట్ తర్వాత ఒప్పందానికి వచ్చాయి. స్వీడన్‌లో 1938లో సాల్త్‌షోబాదెన్‌లో కూర్చుని ఆట నియమాలు రాసుకున్నాయి. ప్రభుత్వం పక్కన నిలబడింది, అంతే. ఇవాళ్టికీ స్వీడన్‌లో పదిమంది ఉద్యోగుల్లో దాదాపు తొమ్మిదిమందికి ఇలాంటి ఒప్పందాల రక్షణ ఉంది. ఒక మంత్రి పెంచిన వేతనాన్ని తర్వాతి మంత్రి బిగబట్టవచ్చు. పైగా కూలి సర్కారే ఇప్పిస్తే, సంఘానికి చందా ఎవరు కడతారు? ఈ చివరి మాట వేదికల మీద తక్కువగా వినిపిస్తుంది కానీ, అసలు గుబులు అదేనని నా అనుమానం.

ఈ ఆలోచన మనకు మరీ కొత్తదేమీ కాదు. రైల్వే కార్మికోద్యమం నుంచి వచ్చి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి. గిరి కూడా ప్రభుత్వం బలవంతాన తీర్పు చెప్పడం కంటే, సంఘమూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని వాదించారు. గిరి విధానం అనే పేరే పడింది దానికి.

అయితే ఐరోపా అంతా స్వీడన్ కాదు. 2025 జనవరిలో నెలకు కనీస వేతనం లక్సెంబర్గ్‌లో 2,638 యూరోలుంటే, బల్గేరియాలో 551 యూరోలు. బలమైన సంఘం లేని చోట, ఎదురెదురుగా కూర్చోండి అంటే ఎదుట కూర్చునేది ఎవరు? అందుకే 1973లో పుట్టిన ఐరోపా కార్మిక సంఘాల సమాఖ్య, ఈటీయూసీ, చట్టం కావాలని గట్టిగా పట్టుబట్టింది. జర్మనీ సంఘాల్లోనూ చాలాకాలం దీని మీద రెండు అభిప్రాయాలుండేవి. సేవారంగంలో కూలి అడుగంటాక అవి మనసు మార్చుకున్నాయి. 2015లో గంటకు ఎనిమిదిన్నర యూరోలతో అక్కడ చట్టం వచ్చింది.

2022 అక్టోబరులో ఐరోపా యూనియన్ కనీస వేతనాలపై తన ఆదేశాన్ని, అంటే సభ్యదేశాలు అమలు చేయాల్సిన చట్టాన్ని, ఖరారు చేసింది. దేశంలోని జీతాలన్నీ వరసగా పేర్చితే నడిమధ్య నిలిచే జీతం ఉంటుంది కదా, అందులో 60 శాతాన్ని కొలబద్దగా చూసుకోవచ్చని అందులో ఉంది. చట్టబద్ధ వేతనం లేని దేశాలు దాన్ని తప్పనిసరిగా తేనక్కరలేదనీ స్పష్టంగా రాశారు. అయినా డెన్మార్క్ నమ్మలేదు. 2023 జనవరిలో కోర్టుకెక్కింది, స్వీడన్ దానికి అండగా నిలిచింది.

2025 నవంబరు 11న తీర్పు వచ్చింది. ఆదేశంలో ఎక్కువ భాగం నిలిచింది, రెండు ముక్కలను కోర్టు కొట్టేసింది. వాటిలో ఒకటి, వేతనం ఖరారు చేసేటప్పుడు ఏయే అంశాలు లెక్కలోకి తీసుకోవాలో ప్రభుత్వాలకు చెప్పే భాగం. అంతవరకు శాసించే అధికారం బ్రస్సెల్స్‌కు లేదన్నది కోర్టు. వాక్స్‌హోమ్ తీర్పు ఇచ్చిన కోర్టే ఈ మాట అనడం డెన్మార్క్ వాళ్లకు కాస్త ఊరటే అయి ఉంటుంది.

నిలిచిన భాగంలో మాత్రం ఒక షరతు ఉంది. సమష్టి బేరసారాల రక్షణ, అంటే సంఘం బేరమాడి కుదిర్చిన ఒప్పందాల రక్షణ, 80 శాతం ఉద్యోగులకు అందని దేశాలు, దాన్ని పెంచే ప్రణాళిక రాసి చూపించాలి. చట్టంతో కూలి పెంచబోయిన బ్రస్సెల్స్, చివరికి స్వీడన్ పద్ధతినే మిగతా దేశాలకు సిఫారసు చేసిందన్నమాట.

సెలవు. నమస్కారం.