సీసాలో కనిపించని అమోనియా

అందరికీ నమస్కారం. ఎస్‌టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, చూడ్డానికి ఎవరొచ్చినా శుద్ధి అయిన నీళ్లు గాజు సీసాలో పట్టి, వెలుతురుకు ఎత్తి చూపిస్తాం. నీళ్లు తేటగానే ఉంటాయి. కానీ అమోనియాకు రంగు లేదు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

యాభై వేల జనాభా ఉన్న పట్టణం లెక్క వేద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇస్తే 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. మొత్తం 54 లక్షల లీటర్లు. ప్లాంటు బీఓడీని (సేంద్రియ మురికి కుళ్లడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు 10 మిల్లీగ్రాములకు దించి, అమోనియా నైట్రోజన్‌ను (అమోనియా రూపంలో ఉన్న నైట్రోజన్) మాత్రం లీటరుకు 30 మిల్లీగ్రాములు వదిలేసిందనుకోండి. రోజుకు 162 కిలోలు ఏట్లోకి పోతుంది. కిలో అమోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారాలంటే 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే 740 కిలోలు. 30 డిగ్రీల దగ్గర నీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. దాదాపు పది కోట్ల లీటర్లలో ఉన్నదంతా దీనికే సరిపోతుంది. గాలి నుంచి కొంత తిరిగి కలుస్తుంది, నిజమే. కానీ మే నెలలో మున్నేరు లాంటి ఏట్లో మడుగులు కట్టిన నీళ్లకు అదేం చాలుతుంది? పైగా నాచు పెరిగి పీహెచ్ ఎక్కితే ఆ అమోనియాయే చేపలకు విషం.

2017లో కేంద్రం ప్రకటించిన ఎస్‌టీపీ ప్రమాణాల్లో నైట్రోజన్ ఊసే లేదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ మొత్తం నైట్రోజన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదంది. బీఓడీ కోసమే కట్టిన ప్లాంటుతో ఆ అంకె అందదు.

అమోనియాను తిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతుంది. రోజూ స్లడ్జ్ (ఈ బ్యాక్టీరియా ఉండే బురద) ఎక్కువ తీసేస్తే అది నిలదొక్కుకోకముందే కొట్టుకుపోతుంది. స్లడ్జ్ వయసు, అంటే అది ట్యాంకులో సగటున ఉండే కాలం, పది, పదిహేను రోజులు ఉంచాలి. గాలి ఇచ్చే దశలో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలవాలి. కరెంటు బిల్లు చూసి రాత్రిపూట గాలి పంపే బ్లోయర్ ఆపే అలవాటు చాలాచోట్ల ఉంది. మర్నాడు అమోనియా రిపోర్టులో అది దొరికిపోతుంది.

గాలి సరిపోతున్నా అమోనియా దిగకపోతే ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం, చూడండి. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌కు 7.14 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. 30 మిల్లీగ్రాములు తీయాలంటే 214 కావాలి. అది అడుగంటితే పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా పని మానేస్తుంది. ఫాస్ఫరస్ తీయడం కోసం పటిక వేస్తే అదీ కొంత మింగేస్తుంది. బయటికెళ్లే నీళ్లలో లీటరుకు 75 నుంచి 100 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ మిగలాలి. ఆల్కలినిటీ పెంచే సున్నం కొనేముందు ఎస్‌బీఆర్ (నింపడం, గాలి ఇవ్వడం, స్లడ్జ్ దించడం ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగే ప్లాంటు) సైకిల్ మార్చి చూడండి: ట్యాంకు నిండుతున్నప్పుడు కొంతసేపు గాలి ఆపి, మిక్సర్ తిప్పితే నైట్రేట్ కాస్తా నైట్రోజన్ వాయువుగా మారి పోతుంది, ఖర్చయిన ఆల్కలినిటీలో దాదాపు సగం తిరిగొస్తుంది. ఆ మేరకు కరెంటూ మిగులుతుంది.

ఇది చేయకపోతే, స్లడ్జ్ అడుక్కి దిగే దశలో నైట్రేట్ వాయువుగా విడిపోయి, బుడగలతో స్లడ్జ్‌ను పైకి లేపుతుంది. దాన్ని బల్కింగ్ (స్లడ్జ్ పొంగి దిగకపోవడం) అనుకుని క్లోరిన్ వేసేవారున్నారు. లీటరు జాడీలో లేచిన స్లడ్జ్‌ను కర్రతో కదపండి. బుడగలు పోయి మళ్లీ కిందికి దిగితే నైట్రేట్ పని. అసలు దిగకుండా దూదిలా పొంగి ఉంటే, ఎస్‌వీఐ (ఒక గ్రాము స్లడ్జ్ దిగాక ఎన్ని మిల్లీలీటర్లు ఆక్రమిస్తుందో చెప్పే అంకె) 150 దాటితే, పోగుల బ్యాక్టీరియా పెరిగింది. గాలిని సన్న బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోయి ఆక్సిజన్ చాలకపోవడం దానికి ఒక మామూలు కారణం.

క్లోరిన్ దగ్గరా ఇదే తంటా. అమోనియా మిగిలితే క్లోరిన్ దానితో కలిసి క్లోరమిన్ అవుతుంది, సూక్ష్మజీవులను చంపే బలం తగ్గుతుంది. అప్పుడు బ్లీచింగ్ ఎంత పోసినా కోలిఫాం (మలం ఆనవాలు చెప్పే బ్యాక్టీరియా) లెక్క దిగకుండా మొండికేస్తుంది.

ఇక సెప్టిక్ ట్యాంకు లారీలు. రాత్రి మ్యాన్‌హోల్‌లోకి వదిలిన ఒక్క లోడు చిన్న ప్లాంటును ఒక రోజంతా కుదిపేస్తుంది. ప్లాంటు దగ్గరే వాటికి వేరే తొట్టి కట్టి, జల్లెడ పెట్టి, పగలంతా కొద్దికొద్దిగా వదలండి. తొట్టి దగ్గర రిజిస్టర్ కూడా ఉంచండి. ఏ రోజు అమోనియా ఎగిసిందో, ముందురోజు ఎన్ని లోడ్లు వచ్చాయో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.