లెక్చరా, సిమ్యులేషనా? ముందు రైల్స్ ట్యూబ్ సంగతి చూద్దాం

నమస్తే అందరికీ. నర్సింగ్ థీసిస్‌ల సీజన్ మొదలైతే చాలు, ఒకటే మెసేజ్: "మేడమ్, లెక్చర్ కన్నా సిమ్యులేషనే మేలని తేలిపోయింది కదా?" సిమ్యులేషన్ అంటే నిజం పేషెంట్ బదులు బొమ్మ మీదో, నటించి చూపించో ప్రాక్టీస్ చేయించడం. సరే, దేనికి మేలు? అది మాత్రం ఎవరూ చెప్పరు. నాకు చిరాకు తెప్పించేది అదే.

రైల్స్ ట్యూబ్‌నే తీసుకోండి, అదే, ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలవాలి. ఇది లెక్చర్‌లో చెప్తే వచ్చేస్తుంది. గాలి ఎక్కించి స్టెతస్కోప్‌తో చప్పుడు వినడాన్ని ఎందుకు నమ్మకూడదు? సిరంజితో లాగిన ద్రవం పీహెచ్ 5.5 దాటకూడదని ఎందుకంటారు? ఇవీ లెక్చర్‌లో చెప్పాల్సినవే. బొమ్మ ముందు గంటసేపు నిలబడినా ఆ కారణాలు తెలియవు.

ట్యూబ్ గొంతు దగ్గరికి వచ్చాక కథ మారుతుంది. గడ్డం వంచమనాలి, గుటక వేయమనాలి, సరిగ్గా ఆ గుటకతోనే ట్యూబ్‌ను ముందుకు జరపాలి. స్లైడ్లు చూస్తే ఇది రాదు, చేత్తో చేయాల్సిందే. డెమాన్‌స్ట్రేషన్ అంటారా, మన క్లాసుల్లో వెనక వరసకి కనిపించేది మేడమ్ భుజమే.

ట్యూబ్ దిగుతుండగా పేషెంట్‌కి దగ్గు తెర ఆగకపోతే? వెంటనే వెనక్కి లాగాలని పుస్తకంలో ఉంది. కానీ కంగారులో ఎంతమంది లాగుతారు? బొమ్మేమో దగ్గదు. దాని వెనక నిలబడి టీచర్ దగ్గితే అదీ సిమ్యులేషనే. దీనికి లక్షలు పోసి బొమ్మ కొనక్కర్లేదు.

ఇప్పుడు మన థీసిస్. ఒకే గ్రూపు, ప్రీ టెస్ట్, పాఠం, ఏడో రోజు పోస్ట్ టెస్ట్. మార్కులు పెరిగాయట. పెరగవా మరి? అవే ప్రశ్నలు రెండోసారి ఇచ్చారు, పోల్చి చూడటానికి ఇంకో గ్రూపు లేదు. పైగా ట్యూబ్ వేయడం వచ్చిందో లేదో ప్రశ్నపత్రంలో పెట్టిన టిక్కులతో తేల్చేశారు!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రెండు గ్రూపులు పెట్టండి, ఎవరు ఎందులోనో చీటీలు తీసి తేల్చండి. తెలిసిందా అన్నదానికి ప్రశ్నపత్రం, చేయగలరా అన్నదానికి ఆస్కీ (OSCE) స్టేషన్, అంటే ఎగ్జామినర్ ముందు చేసి చూపించే పరీక్ష, ఒక్కో మెట్టుకీ మార్కు వేసే చెక్‌లిస్ట్. హార్డెన్ బృందం ఆస్కీ గురించి రాసింది 1975లో, ఇంకా కొత్త వింతలా చూడకండి. మార్కులు వేసేవాళ్లకి ఏ స్టూడెంట్ ఏ గ్రూపో తెలియనివ్వకండి. కొన్ని వారాలాగి మళ్లీ ట్యూబ్ వేయించి చూడండి. డీబ్రీఫింగ్, అంటే సిమ్యులేషన్ అయ్యాక కూర్చుని జరిగినదాన్ని చర్చించడం, దాని గురించి వచ్చే వీడియోలో. మీ చెక్‌లిస్ట్ కామెంట్లలో పెట్టండి, వీలైనన్ని చూస్తాను.