మెడ మీంచి ఆ బెల్టు తీయండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా చెప్పాలి గానీ, అందరికీ కలిపి ఒకటే నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ. యార్క్‌షైర్ టెర్రియర్ జుట్టు సంరక్షణ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఆ జుట్టు కింద ఉన్న కుక్క గురించి.

మూడు కిలోలు కాస్త అటూ ఇటూ ఉండే ఈ ప్రాణిని చాలామంది బొమ్మలా చూస్తారు. ఇది పుట్టింది పట్టు దిండ్ల మీద కాదండీ. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నేతపనివాళ్ళు బతుకుతెరువు కోసం ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు వలస వచ్చారు. వాళ్ళ వెంట వచ్చిన చిన్న టెర్రియర్ల నుంచే ఈ జాతి తయారైంది. మిల్లుల్లో ఎలుకలు పట్టడం దీని పని. 1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడంటారు. ఎలుక కదిలితే యజమాని చెప్పేదాకా ఆగే కుక్క ఆ పనికి పనికిరాదు. అందుకే ఇది గుమ్మం దగ్గర అలికిడైతే మొరుగుతుంది, తనకు పదింతలున్న కుక్క మీదికి ఉరుకుతుంది. పొగరు కాదు, రక్తంలో ఉన్న పని అది.

స్మోకీ కథ చెప్పకుండా ఉండలేను. 1944లో న్యూగినీ అడవిలో ఒక గోతిలో దొరికిన యార్కీ, అంటే ఈ జాతి కుక్కే. రెండు కిలోలు కూడా లేదు. విలియం విన్ అనే అమెరికన్ సైనికుడు దాన్ని పెంచుకున్నాడు. తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఒక విమానాశ్రయం రన్‌వే కింద టెలిఫోన్ తీగలు వేయాల్సి వచ్చింది. 70 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పున్న గొట్టం, లోపల అక్కడక్కడా మట్టి పేరుకుపోయింది. స్మోకీకి దారం కట్టి లోపలికి పంపి, ఆయన అవతలి చివర నిలబడి పిలిచాడు. అది పాక్కుంటూ వచ్చేసింది. లేకపోతే రన్‌వే అంతా తవ్వుకోవాల్సి వచ్చేది. ఆలోచించండి, ఆ చీకట్లో దాన్ని నడిపించింది మనిషి గొంతు మీద నమ్మకం!

ఇంత ధైర్యమున్న కుక్కకు బలహీనమైన చోటు ఒకటుంది. గొంతు. ఇక్కడ మా చిన్ని గురించి చెప్పాలి. మూడేళ్ళు దాని మెడకు బెల్టు కట్టి నడిపించాను. పిల్లి కనబడితే లాగేది, నేనూ వెనక్కి లాగేవాణ్ణి. ఒక రాత్రి మెడ ముందుకు చాచి, బాతు అరిచినట్టు దగ్గింది. ఆగి, మళ్ళీ దగ్గింది. డాక్టరుగారు ఎక్స్‌రే చూపించారు. గాలిగొట్టం నొక్కేసిన స్ట్రాలా ఉంది. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచే మెత్తటి ఎముక రింగులు ఈ జాతిలో పుట్టుకతోనే బలహీనంగా ఉండవచ్చు. బెల్టు ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ లాగిన ప్రతిసారీ దగ్గు పెరుగుతుంది. నాకెవరూ ముందే చెప్పలేదు. అమ్మినాయన ‘టీకప్’ రకం, అంటే మరీ బుల్లిది అని గొప్పగా చెప్పాడు గానీ ఈ ఒక్క మాట చెప్పలేదు. అసలు టీకప్ అనే రకాన్ని కుక్క జాతులను నమోదు చేసే పెద్ద కెన్నెల్ క్లబ్బులేవీ గుర్తించవు. మరీ చిన్న కుక్కపిల్లలైతే కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి తూలి పడిపోతాయి. అలా జరిగితే చిగుళ్ళకు కాస్త చక్కెర నీళ్ళు రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

జుట్టు సంగతి. లోపల ఊలు పొర ఉండదు, మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది. పొడిగా దువ్వితే తెగుతుంది, నీళ్ళు చిలకరించి రోజూ దువ్వండి. కళ్ళలో పడకుండా పైకి ముడి వేయండి. పళ్ళు కూడా రోజూ తోమండి, చిన్న నోట్లో పళ్ళు ఇరుక్కుని త్వరగా పాడవుతాయి. సోఫా మీంచి దూకనివ్వకండి, ముంగాలి ఎముకలు పెన్సిలంత సన్నం.

మళ్ళీ గొంతు దగ్గరికే వస్తున్నాను, విసుక్కోకండి. మీలో ఎంతమంది మెడకు బెల్టు కట్టి తీసుకొచ్చారు? చేతులెత్తండి. ఇంతమందా!

బరువు పెరగనివ్వకండి, పొగలో ఉంచకండి, లీష్‌ను ఛాతీకి తొడిగే హార్నెస్‌కే తగిలించండి. మా చిన్ని హార్నెస్ నా దగ్గరే ఉంది, తెచ్చాను. మూడో వరసలో అమ్మా, మీ బుజ్జిదాన్ని ఇలా తీసుకురండి. ముందు ఆ బెల్టు విప్పుదాం. భయపడకు తల్లీ, ఇలా రా. ముందు కాలు ఇందులో పెట్టు.